పడమటి చెవి

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఇరవై ఒక్క సంవత్సరాలు పొద్దున్నే ఏడింటికి రేడియో ముందు కూర్చుని మార్కులు వేసింది. పాటలకీ మాటలకీ కాదు, మా ఊరి స్టేషను మా ఇంటిదాకా ఎంత స్పష్టంగా చేరుతోందో దానికి. పోయిన ఏడు ఆమె పోయింది. స్టేషను పాతికేళ్ల పుస్తకంలో ఆమె గురించి ఎవరో ఒకరు రాయాలని మాస్టారు అన్నారు. ఇంట్లో ఉండి చూసినదాన్ని కనక నేను రాస్తున్నాను.

మాస్టారంటే సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆయనా ఇంకో నలుగురూ మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగితే స్టేషనుకి లైసెన్సు వచ్చింది. సైకిలు షాపు పైన ఒక గదిలో మొదలుపెట్టారు. ప్రకటనలు వెయ్యకూడదు, ఎవరి చేతి కిందా ఉండకూడదు, వినేవాళ్లే దీన్ని సాకాలి అని మొదటి రోజే అనుకున్నారు. వినేవాళ్లు తలా ఒకటి మోసుకొచ్చారు. వడ్రంగి తలుపు బిగించాడు. టీకొట్టాయన నాలుగు కుర్చీలిచ్చాడు. వాటిలో ఒకటి కదిలితే చాలు కిర్రుమనేది, దాని మీద కూర్చుని వార్తలు చదివేవాళ్లు ఊపిరి బిగబట్టి చదివేవాళ్లు. గొంతు గోడలకి కొట్టుకుని మోగకుండా ఇంటింటి నుంచీ పాత దుప్పట్లు వచ్చాయి. ఒకాయన గోడ గడియారం ఇచ్చాడు. అది ఐదు నిమిషాలు వెనక నడిచేది. ఇచ్చినాయన నొచ్చుకుంటాడని ఏడాదిపాటు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఊళ్లో వాళ్లే తమ గడియారాలు వెనక్కి తిప్పుకున్నారు.

వదిన మా చారల దుప్పటి ఇవ్వడానికి వెళ్లింది. ఇచ్చి ఊరుకోకుండా, "ఇంకేమన్నా పనుంటే చెప్పండి మాస్టారూ" అందట.

"మీకేం పని వచ్చు అక్కగారూ?"

"వినడం వచ్చు."

నిజమే. అంతకుముందు ఇరవై ఏడేళ్లు ఆమె పెద్దాసుపత్రి టెలిఫోను బోర్డు ముందు కూర్చుంది. కిటికీ లేని గది, ఎదురుగా తీగలు గుచ్చే బోర్డు, చెవులకి హెడ్‌ఫోను. అవతలివాళ్లు హలో అనకముందు తీసుకున్న ఊపిరిని బట్టే అది పురిటి కబురో మరో కబురో చెప్పేసేదట. పెళ్లెందుకు చేసుకోలేదు వదినా అని కొత్తలో ఒకసారి అడిగాను. "పొద్దస్తమానం పరాయివాళ్ల మాటలు వినొచ్చి, ఇంట్లో ఇంకొకడి మాట కూడా వినాలా?" అంది. మళ్లీ అడగలేదు.

స్టేషనుకి కొలిచే యంత్రం లేదు. అందుకని మాస్టారు ఊరి పటం మీద ఆరు చోట్ల గుండుసూదులు గుచ్చి, సూదికొక మనిషిని పెట్టారు. వాళ్లని చెవులు అనేవాళ్లు. తూర్పు చెవి, సంత చెవి, అలాగ. మా ఇల్లు పడమటి చివర, రైలు గేటు దాటాక. స్టేషను గాలి అక్కడితో ఆఖరు. వదిన పడమటి చెవి. ఏడింటి నుంచి ఏడున్నర దాకా విని, పుస్తకంలో తారీఖు పక్కన మార్కు వెయ్యాలి. పక్కన కూర్చుని మాట్లాడినట్టుంటే ఐదు. ఎవరో మాట్లాడుతున్నారని మాత్రం తెలిస్తే ఒకటి. అసలేమీ లేకపోతే సున్నా. నెలాఖరుకి ఆరు పుస్తకాలూ స్టేషనుకి వెళ్లి, మాస్టారి సంతకంతో తిరిగొచ్చేవి.

ఆ అరగంటలో ఇంట్లో ఎవరూ పలకరించకూడదు. అనౌన్సరమ్మాయికి జలుబు చేసి గొంతు పూడుకుపోయిన రోజు మార్కు తగ్గిస్తుందనుకున్నాను. "జలుబు ఆ పిల్లకి, స్టేషనుకి కాదు" అని నాలుగు వేసింది. ఆమెకి నచ్చిన పాట గరగరమంటూ వస్తే రెండే వేసింది. గూడ్సు బండి గేటు దగ్గర ఆగితే అది కూడా రాసేది.

ఆ చెవి మొద్దుబారుతోందని నాకు కుక్కరు వల్ల తెలిసింది. నేను పెరట్లో బట్టలు ఉతుకుతుంటే, హాల్లో కూర్చునే వదిన కూతలు లెక్కపెట్టి "మూడైంది, కట్టెయ్ అమ్మాయ్!" అని కేకేసేది. ఏళ్ల తరబడి నేను కుక్కరు సంగతి పట్టించుకోలేదు. ఒకరోజు వాసన వచ్చి పరుగెత్తాను. అడుగంటిపోయింది. వదిన కుక్కరుకి నాలుగడుగుల దూరంలో పేపరు చదువుకుంటోంది. తరవాత అలాంటిదే ఇంకోసారి జరిగింది. నేను కుక్కరు దగ్గరే నిలబడడం అలవాటు చేసుకున్నాను.

రేడియో గొంతు మాత్రం పెద్దదైంది. మా ఆయన గడ్డం గీసుకుంటూ విసుక్కున్నాడు.

"అక్కా, ఆ రేడియో గేటుదాకా వినపడుతోందే!"

ఆమె అద్దంలో తమ్ముడి పెదాలు చూసి, "మంచిదేగా, గేటు మార్కులు కూడా నేనే వేస్తాను" అంది.

ఇంకొకటి చూశాను. రేడియో పెట్టె మీద, మాట బయటికొచ్చే గుడ్డ దగ్గర అరచెయ్యి ఆనించి కూర్చునేది. చూసి ఊరుకున్నాను. పుస్తకం పోతే ఆ మనిషికి పొద్దున్నే లేవడానికి ఏం మిగులుతుందో నాకు తోచలేదు. ఎవరికైనా చెబితే పుస్తకం పోతుంది.

అలా రెండేళ్ల పైన గడిచింది. నాలుగేళ్ల కిందట, వానాకాలంలో, లైసెన్సు ఇచ్చిన ఆఫీసు నుంచి స్టేషనుకి ఉత్తరం వచ్చింది. ఊరి నాలుగు చివర్లకీ వినపడుతోందని రుజువు చూపిస్తే సరి, లేకపోతే ట్రాన్స్‌మిటరు బలం సగానికి తగ్గించుకోవాలి అని. సగం చేస్తే రైలు గేటు ఇవతల ఒక్క ఇంటికీ స్టేషను రాదు. ఉన్న రుజువల్లా ఆరు పుస్తకాలు. అందులో అందరూ అడిగేది పడమటి పుస్తకాన్నే.

నెలాఖరున మాస్టారు తనే మా ఇంటికొచ్చారు. గుడ్డసంచిలోంచి పుస్తకాలన్నీ తీసి బల్ల మీద వరసగా పరిచారు. నేను టీ పెట్టి తెచ్చాను. ఆయన పద్నాలుగో తారీఖు మీద వేలు పెట్టి, వదిన మొహంలోకి చూస్తూ అడిగారు.

"ఆ రోజు మీకేం వినపడింది అక్కగారూ?"

"ఏదో పాట. చాలాసేపు వచ్చింది. నాలుగేశాను కదా."

వానకి స్తంభం మీద తీగలోకి నీళ్లు దిగి, ఆ పొద్దున స్టేషను ఎనిమిదింటిదాకా గాలిలోకే రాలేదు. మిగతా ఐదు చెవులూ సున్నా వేశాయి. అనౌన్సరమ్మాయి గంటసేపు దుప్పట్లతో మాట్లాడినట్టయింది. ఇదంతా ఆయన తలొంచుకుని, పుస్తకంలోకి చూస్తూ చెప్పారు. చెప్పి, "మరి ఇదెలా అక్కగారూ?" అన్నారు.

వదిన టీ ఊదుకుని తాగుతోంది. ఆయన పెదాలు ఆమెకి కనపడలేదు.

మాస్టారు తలెత్తి నావైపు చూశారు. నోటికొచ్చింది అనేశాను.

"ఆ రోజు వదినకి జ్వరం మాస్టారూ. నేనే వేశాను. తారీఖు తప్పు చూసుంటాను."

ఈసారి వదిన నా మొహం చూస్తోంది. గ్లాసు కింద పెట్టింది.

"దీనికి అబద్ధం ఆడడం కూడా రాదు. జ్వరమొస్తే నేను మూడు వీధులకి వినపడేలా మూలుగుతానని మీకు తెలీదూ?" అంది. అని రేడియో తిప్పింది. మధ్యాహ్నం ప్రసారంలో ఎవరో మాట్లాడుతున్నారు. "మాస్టారూ, చెయ్యి ఇలా పెట్టండి."

ఆయన గుడ్డ మీద అరచెయ్యి పెట్టారు.

"మాటైతే తట్టినట్టుంటుంది. పాటైతే దొర్లుతుంది. సరిగ్గా రాకపోతే ముళ్లలా గుచ్చుకుంటుంది. కనుక్కోడానికి నాకు నాలుగు నెలలు పట్టింది." తరవాత రేడియో ముల్లు జరిపి, స్టేషనేదీ లేనిచోట ఆపింది. గది నిండా హోరు. "ఇప్పుడు?"

"ఇదీ దొర్లుతున్నట్టే ఉంది" అన్నారు మాస్టారు.

"అదే. ఆ రోజు స్టేషను లేదన్నమాట. నేను పాటనుకున్నది ఇది."

మాస్టారు చెయ్యి తియ్యలేదు. ఎప్పటి నుంచి అని అడిగారు. వదిన తన పుస్తకం ముందుకి లాక్కుని వెనక్కి తిప్పుకుంటూ పోయింది. ఒక పేజీ దగ్గర ఆగింది. అక్కడ మూడు అన్న మార్కు పక్కన చిన్న చుక్క. దాని కింది రోజుకీ చుక్క. అక్కడి నుంచి ఈ రోజుదాకా ప్రతి మార్కుకీ చుక్క ఉంది.

"చుక్క ఉన్నవి చేత్తో వేసినవి. లేనివి చెవితో వేసినవి."

"నేను నెలనెలా సంతకం పెడుతూనే ఉన్నాను. పెన్ను కక్కిందనుకున్నాను."

"అడుగుతారనుకున్నాను."

"మీరు చెప్పొచ్చుగా అక్కగారూ!"

"చెబితే పుస్తకం తీసేసుకుంటారుగా" అంది వదిన. అందులో దాపరికం ఏమీ లేదు. టీ చల్లారిందని నాకు గ్లాసు అందించినట్టే అంది.

మాస్టారు చాలాసేపు పేజీలు తిప్పారు. ఈ చుక్కలు ఆఫీసువాళ్ల కంటికి ఆనవు, ఒక్క పద్నాలుగో తారీఖు మార్కు కొట్టేసి ఆ రోజు స్టేషను లేదని రాస్తే సరిపోతుంది, పుస్తకం ఇలాగే పంపిద్దాం అన్నారు. లేకపోతే పడమటి వైపు రెండేళ్ల నాలుగు నెలలు ఖాళీ పడుతుంది. ఇంతకాలం ఊరు సాకిన స్టేషను అని కూడా అన్నారు. ఒక్కొక్క మాటా ఆమె వైపు తిరిగి నిదానంగా చెప్పారు.

"అట్ట మీద చుక్క సంగతి రాసి పంపండి" అంది వదిన.

"వాళ్లు అడగరండీ."

"మీరూ అడగలేదు. చూశారుగా ఏమైందో."

అట్ట లోపలివైపు ఆమే రాసింది, ఫలానా తారీఖు నుంచి చుక్క పెట్టిన మార్కులు చేత్తో తెలుసుకుని వేసినవి, వాటిని నమ్మవలసిన పని లేదు అని. కింద సంతకం పెట్టింది.

ఆఫీసువాళ్లు ఆ మార్కులన్నీ కొట్టేశారు. మూడు నెలల తరవాత ఒకతను కొలిచే యంత్రం పట్టుకుని వచ్చాడు. మా డాబా మీద పావుగంట నిలబడి, ఏదో అంకె రాసుకుని, మంచినీళ్లు తాగి వెళ్లాడు. పడమటి వైపు బొటాబొటీగా చేరుతోంది, బలం తగ్గించక్కర్లేదు, ఏటా మళ్లీ వచ్చి కొలుస్తాం అని కాగితం వచ్చింది. ఇప్పటికీ ఏటా వస్తున్నారు. అతను వచ్చే వారమంతా మాస్టారికి తిండి సహించదు.

పుస్తకం వదిన దగ్గర ఉంచలేమని మాస్టారు చెప్పారు. ఆమె తలూపింది. ఇంకెవరికి ఇవ్వమంటారని అడిగితే నన్ను చూపించింది.

"ఇది మొహమాటానికి అందరికీ ఐదేసిపెడుతుంది. అయినా నేనుంటాగా" అంది.

మొదటి రోజు ఏడింటికి ఇద్దరం కూర్చున్నాం. నేను కుర్చీలో, ఆమె పెట్టె మీద చెయ్యి వేసి పక్కన. ఏడున్నరకి పెన్ను తీశాను.

"ఎంత?" అంది.

"మూడు."

"నేనైతే నాలుగేసేదాన్ని."

"వెనకాల గరగర ఉంది వదినా."

ఆమె అరచెయ్యి ఇంకాస్త నొక్కి పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అయితే మూడే వెయ్యి."

ఆ తరవాత మూడేళ్లు అలాగే కూర్చున్నాం. ఆమె ఎంత అనుకుంటోందో ముందు అడిగేదాన్ని, నాకు వినపడింది వేసేదాన్ని. పది రోజుల్లో ఆరేడు రోజులు కలిసేవి. పోయిన ఏడు ఆమె తెల్లవారుజామున పోయింది. ఏడింటికి ఎవరో చుట్టాలు రేడియో కట్టేయమన్నారు, పెట్టి ఉందని నాకే తెలియదు. ఆ రోజు పుస్తకం తియ్యలేదు. నెలాఖరుకి పంపేటప్పుడు ఆ తారీఖు ఖాళీగా కనపడింది. ఆ రోజు ఊరంతా బాగా వచ్చిందని మిగతా చెవులు చెప్పాయి, నాలుగని వేస్తే ఎవరూ కాదనరు. వినలేదు అని రాసి పంపాను.