చెల్లాయి ఇచ్చింది

పరుపులు కుట్టే అన్నయ్య మంచినీళ్ళు తాగే ముందు కుడివైపు పొత్తికడుపు తడుముకుని, "తాగమ్మా చెల్లాయ్" అంటాడు. చెల్లెలు ఇచ్చిన కిడ్నీ అక్కడుంది మరి. ఒళ్ళు దాన్ని పరాయిదని తరిమేయకుండా రోజూ మాత్రలు మింగుతాడు. ఆ మాత్రలు రోగాలతో పోరాడే శక్తినీ తినేస్తాయి కనక, పాత దూది జోలికి పోవద్దన్నారు డాక్టర్లు. పని మానేస్తే పొయ్యిలోంచి పిల్లి లేవదు. ముక్కుకు గుడ్డ కట్టుకునే కుట్టేవాడు. కానీ సూదిలోకి దారం ఎక్కాలంటే కొసను పెదాలతో తడపాలి. తడిపిన ప్రతిసారీ గుడ్డ కిందికి లాగాలి. చెమ్మపట్టిన దూదిలోని బూజు అలా వెళ్ళి ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది.

ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద మాటకీ మాటకీ మధ్య ఆయాసం. "బూజు తగ్గాలంటే ఆ మాత్రలు తగ్గించాలి. కిడ్నీ దక్కకపోవచ్చు" అంది డాక్టరమ్మ.

"ఊపిరితిత్తులు నావి, పోతే పోనివ్వండి. అది... చెల్లాయిది."

పక్కనే నిలబడ్డ చెల్లెలు అడ్డొచ్చింది. "నేనిచ్చింది నువ్వు బతకడానికి అన్నయ్యా, దాన్ని బతికించడానికి కాదు. తగ్గించెయ్యండి డాక్టరుగారూ."

ఆ మాట పసిపిల్ల చెవిన పడకూడదని దాని చెవులు మూసినట్టు, అన్నయ్య పొత్తికడుపు మీద అరచెయ్యి కప్పాడు.