లెక్క వైపు నిలబడ్డ మేడం

సుచిత్ర చౌరస్తాలో బస్సు దిగుతుంటే ఫోన్ మోగింది. మా ప్యాకింగ్ లైన్‌లో పనిచేసే పిల్ల. "అక్కా, క్వాలిటీ మేడం పోయిందంట. పొద్దుగాల గుండె ఆగిందంట" అంది. అక్కడే, కూరగాయల బండి పక్కన నిలబడి ఏడ్చాను. మా అత్తగారు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నిజం చెప్పడానికి నాకేం సిగ్గు?

మేడ్చల్ దగ్గర ఒక మందుల కంపెనీలో మేం మాత్రల స్ట్రిప్పులు ప్యాక్ చేస్తాం. ఆవిడ క్వాలిటీ మేనేజర్. గోదావరి వైపు మనిషి, తూంకుంటలో ఇల్లు. మధ్యాహ్నం మా జొన్నరొట్టె తుంపుకుని, తన కందిపొడి మా డబ్బాల్లో వేసేవారు. ఎవరైనా "ఎప్పుడూ ఇంతే" అన్నారా, "ఎప్పుడూనా, నిన్ననా?" అని అడిగేవారు. మా ఆయన ఆలస్యాల గురించి చెప్పుకున్నా అదే ప్రశ్న. ఒళ్లు మండేదనుకోండి.

ఒకసారి సీలు సరిగా పడని స్ట్రిప్పులు ఎక్కువయ్యాయి. గౌడవెల్లి నుంచి వచ్చే మా జట్టు పనే బాగాలేదని, మమ్మల్ని తీసేస్తానని కొత్త మేనేజర్ సారు అన్నారు. పని పోతే నా బిడ్డ కాలేజీ ఆగిపోతుంది. మేడం మమ్మల్ని వెనకేసుకొస్తారనుకున్నాను. "అనుమానం మీద ఎవరినీ తీయొద్దు సార్, పరీక్ష పెడదాం" అన్నారంతే. ఏ రోజు ఏ జట్టు ఏ మెషీన్ మీద పనిచేయాలో చిట్టీలు తీసి తేల్చాలి. నెల తర్వాత, మా స్ట్రిప్పులకీ మిగతా జట్ల వాటికీ ఉన్న తేడా రోజువారీ అటూ ఇటూ అయ్యేదేనా, నిజంగా మా చేతుల్లో లోపమా అని స్టాటిస్టిక్స్ ప్రకారం చూడాలి. లోపం మాదని తేలితే, తీసేసే కాగితం మీద తానే సంతకం పెడతారట!

"గిదేంది మేడం? మీరు మా దిక్కా, సారు దిక్కా?" అని అడిగేశాను.

"నేను లెక్క వైపమ్మా" అన్నారు.

మొదటి వారం లెక్క మాకు చెడుగా వచ్చింది. ఇక చాలు, ఆపేద్దామన్నారు సారు. మేడం ఒప్పుకోలేదు. మూడో వారానికి మాకు మంచిగా వచ్చింది. ఈసారి నేనే ఉరికాను. "ఇగ సాలు మేడం, జల్దీ ఆపుండ్రి."

"నెల అని ముందే అనుకున్నాం కదా. మనకు నచ్చిన చోట ఆపితే అది పరీక్ష ఎలా అవుతుందమ్మా?"

రెండు రోజులు ఆవిడకి రొట్టె పెట్టలేదు.

నెల గడిచింది. లోపం, అంతకుముందు ఎక్కువగా మా జట్టుకే ఇచ్చిన పాత మెషీన్‌దని తేలింది. దాని మీద ఏ జట్టు పనిచేసినా సీలు అలాగే పడింది. సారు గదిలోంచి మేడం నేరుగా క్యాంటీన్‌కి వచ్చి, "మీరు ఉంటున్నారమ్మా" అన్నారు. మేం ఒకరినొకరు పట్టుకుని గంతులేశాం. ఆవిడ మాత్రం బల్ల మీద కూలబడ్డారు.

"సంతకం పెట్టాల్సొస్తుందేమోనని నెలంతా నాకు నిద్ర లేదే" అన్నారు.

నీళ్ల గ్లాసు అందించాను. ఒక్క గుక్కలో తాగేసి, నా డబ్బా దగ్గరికి లాక్కున్నారు. ఆ రెండు రోజుల రొట్టె బాకీ ఉందంటూ పెద్ద ముక్క తుంపుకున్నారు.