ఎర్ర గీత పెట్టిన నట్టు

మామగారి రెండు సీట్ల విమానానికి కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ పెట్టింది నేనే. పాతదాని రెక్కల కోణం మారదు. కొత్తదాని రెక్కలు ఎగిరేటప్పుడు ఆయిల్ ఒత్తిడితో కోణం మార్చుకుంటాయి, ఇంజన్ వేగం నిలకడగా ఉంటుంది. అందుకోసం ఇంజన్‌కి ఆ ఒత్తిడిని అదుపు చేసే గవర్నర్‌నీ, అక్కడి నుంచి ప్రొపెల్లర్‌కి ఆయిల్ తీసుకెళ్లే సన్నటి గొట్టాన్నీ బిగించాలి. ఆ గొట్టం నట్టు వదులైతే గాలిలో ఉండగానే ఆయిలంతా కారిపోతుంది.

నేను లైసెన్స్ ఉన్న విమాన ఇంజనీర్‌ని. మా పనిలో ఒకరు బిగించింది మరొకరు చూడాలి. మదురై నుంచి ఒక ఇంజనీర్‌ని పిలుద్దామన్నాను.

"మా కోడలు చేసినదాన్ని ఇంకొకడు వచ్చి సరి చూసేదా? వేండాం అమ్మా, వద్దు," అన్నారు మామగారు. నేను కలిపిన కాఫీలో చక్కెర సరిపోయిందా అని ఇంట్లో అందరినీ అడిగే మనిషి ఆయన. అయినా ఆ మాటకి ఉబ్బిపోయాను. మళ్లీ అడగలేదు.

గొట్టం నట్టును చేత్తో తిప్పి స్పానర్ అందుకోబోతుంటే, ఆయన తళవాయిపురం చుట్టాలను షెడ్డుకి తీసుకొచ్చారు. "చూడండి, మన ఊర్లో ఏ మిల్లు ఓనరు కోడలు ఇది చేసింది?" అన్నారు. అరగంట నవ్వుతూ నిలబడ్డాను. వాళ్లు వెళ్లాక ఎర్ర రంగు తీసి నట్లన్నిటి మీదా వరసగా గీతలు పెట్టేశాను. ఏ నట్టుకానట్టు బిగించిన వెంటనే, బిగించినట్టు గుర్తుగా పెట్టాల్సిన గీత అది.

నేల మీద ఇంజన్ నడిపితే చుక్క కూడా కారలేదు. మర్నాడు పొద్దున చోళపురం దగ్గర మా పొలంలోని రన్‌వేకి వెళ్లాం. మామగారు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటున్నారు. గొట్టం నట్టుకి స్పానర్ వేసిన జ్ఞాపకం ఎంత వెతికినా దొరకలేదు.

"మామా, దిగండి. ఒక నట్టు బిగించినానో లేదో నాకు జ్ఞాపకం లేదు."

"గీత పెట్టి ఉండాది కదా?"

"గీత పెట్టినాను మామా. బిగించినానా అనేదే తెలియలేదు."

ఆయన దిగారు. మూత విప్పి స్పానర్ వేశాను. నట్టు సగం చుట్టు తిరిగింది. దాన్ని గట్టిగా బిగించాను. ఆయన, "సరి. ఎవరితోనూ చెప్పవద్దు. మన ఇద్దరితో పోనీ," అన్నారు.

ఆ మాట అన్నది కోపంతో కాదు, నా పరువు కాపాడడానికే. దానికే నాకు ఎక్కువ భయమేసింది. ఆయన పక్కనే నిలబడి మదురై ఇంజనీర్‌కి ఫోన్ చేశాను. ఏ నట్టు వదిలేశానో, ఎలా వదిలేశానో అంతా చెప్పాను. ఫోన్ పెట్టేసేలోపే మామగారు కారెక్కి వెళ్లిపోయారు.

ఇంజనీర్ వచ్చి అంతా చూశాక మామగారు ఎన్నోసార్లు ఎగిరారు, క్షేమంగా దిగారు. ఇంట్లో మాటలూ మామూలే. ఆ ఇంజన్ మీద మాత్రం నన్ను మళ్లీ చెయ్యి వెయ్యమనలేదు.