గుట్ట దారికి నలభై రెండు సున్నపు గుర్తులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ భూమ్మీద ఒకటుందంటే నేనే నమ్మేవాణ్ని కాదు. ఇరవై ఒక్కేళ్ల వయసు, అజీజ్‌నగర్‌లో ఒక రిసార్టులో మొదటి ఉద్యోగం, జేబు మీద నా పేరు కుట్టిన ఆకుపచ్చ టీషర్టు. ఎవరేమడిగినా "తెలుసు" అనేయడమే. (ఈత వచ్చా అంటే కూడా వచ్చన్నాను. నన్ను బయటికి లాగిన తోటమాలి ఇప్పటికీ కనిపిస్తే నవ్వుతాడు.) మా మేనేజరు తాను ఎన్నడూ నవ్వకుండా మమ్మల్ని మాత్రం "స్మైల్, స్మైల్" అని తరుముతుండేవాడు, అందుకని ఆయనకు స్మైల్ సార్ అని పేరు పెట్టుకున్నాం. ఆయన ఒకరోజు "ఈ చుట్టుపక్కల గుట్ట మీద నీళ్లున్న జాగా ఏదన్న ఉన్నదా? గెస్టులు పొద్దున నడుసుకుంట పోయి పగటి అన్నానికి రావాలె" అని అడిగాడో లేదో, నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

ఆలూరు దాటి లోపలికి వెళ్తే మా చిన్నత్త ఊరు. ఊరి వెనక గుట్ట, గుట్ట మీద బండల నడుమ ఒక కుంట. "చిన్నప్పటి సంది పోతున్న సార్, కండ్లు మూసుకొని తీస్కపోత" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. (కళ్లు మూసుకునే వెళ్లేవాణ్ని, చిన్నత్త భుజం మీద నిద్రపోతూ.) స్మైల్ సార్ నన్ను కిందికీ పైకీ చూసి, "సిటీల ఒక ఆఫీసోళ్లు పన్నెండు మంది వస్తున్నరు. వాళ్ల మేడంకు సైలెన్స్ కావాలె. పూర్తి సైలెన్స్. దొరికిందా, నీ జాబ్ పర్మనెంట్. దొరకలేదా, టీషర్ట్ ఉతికిచ్చి ఇంటికి పో" అన్నాడు. ఆ టీషర్టంటే నాకెంత ప్రేమంటే, సెలవు రోజు కూడా అదే వేసుకుని హిమాయత్‌నగర్‌లో మా ఇంటి ముందు అటూ ఇటూ తిరిగేవాణ్ని.

ముందురోజు ఒక్కణ్నే దారి చూసి రావడానికి వెళ్లాను. అత్తను అడిగితే నా గొప్ప ఏమైపోవాలి? ఊళ్లోకి పోకుండా పక్కనుంచే గుట్టెక్కి, మూడుసార్లు బయల్దేరిన చోటికే చేరి, చివరికి ఒక మేకల మంద వెనకపడి కుంట చేరుకున్నాను. మరునాడు మేకలు నా టైముకు వస్తాయన్న నమ్మకం లేదు కదా! అందుకని వెంట తెచ్చుకున్న సున్నం బకెట్టు తీసి, దిగేటప్పుడు దారి పొడుగునా బండలకు తెల్లగా గుర్తులు పెట్టుకుంటూ వచ్చాను. గెస్టులకు ఇంకెంత దూరమో తెలియాలని, ఆ గుర్తుల వెంటే మళ్లీ ఎక్కుతూ కింది నుంచి వరసగా నంబర్లు కూడా వేశాను. మొత్తం నలభై రెండు. పైన కుంట పక్కనున్న పెద్ద బండ మీద ఇంతింత అక్షరాలతో "లేక్ వ్యూ" అని రాసి, వెనక్కి నాలుగడుగులు వేసి చూసుకుని మురిసిపోయాను. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

మర్నాడు పొద్దున ఆ గుట్టెక్కుతుంటే నా హుషారు చెప్పనలవి కాదు. పన్నెండుమందీ నల్లకళ్లద్దాలు, టోపీలు, చంకలో పొడుగ్గా చుట్టిన యోగా చాపలు. ముందు నేను. "ఇగో మేడం, పదిహేడు! ఇగో, పద్దెనిమిది! నేను చిన్నప్పుడు ఈ బండ మీద్నే కూసునేటోన్ని!" ఎక్కడా తడబడలేదు. సీతాఫలం చెట్ల సందున గాలి చల్లగా తగులుతోంది, పిట్టలు అరుస్తున్నాయి, మేడం కళ్లు మూసుకుని "ఎంత ప్రశాంతంగా ఉందో" అంది. నా ఉద్యోగం పర్మనెంట్ అయిపోయిందనే అనుకున్నాను. ముప్పై ఆరో నంబరు దగ్గర పైనుంచి ఏదో గోల వినిపించింది. ముప్పై తొమ్మిది దగ్గర అది జాతరంత అయింది. నలభై రెండు దాటి తలెత్తి చూద్దును కదా, కుంట చుట్టూ యాభై మంది! ఆడా మగా, చేతికర్రలు, సద్ది గిన్నెలు, ఒకాయనైతే మంచంతో సహా వచ్చాడు. అందరికంటే ముందు, నడుముకు కొంగు చుట్టి, మా చిన్నత్త. ఆమె ఆ ఊరి వార్డు మెంబరు.

"ఆగుండ్రి ఆడ్నే! ఎవనిదిరా ఈ గుట్ట? ఎవనికి అమ్ముతరు? మా మేకలు నీళ్లు యాడ తాగాలె?"

అప్పుడు వెలిగింది నా బుర్రకు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఏ చేను చూసినా సున్నం కొట్టిన రాళ్లు, వాటి మీద నంబర్లు. తెల్లరాయి లేచిందంటే ఆ భూమి ప్లాట్లయిందని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. (నాకు కూడా తెలుసు. మొదటే చెప్పాను కదా, నాకు తెలియనిదేమీ లేదు.) ముందురోజు సాయంత్రం మేకలకాపరులు దిగొచ్చి "గుట్ట మీద నలభై రెండు ప్లాట్లు ఏసిండ్రు, లేక్ వ్యూ అంట" అని చెప్పగానే, తెల్లారేసరికి ఊరు ఊరంతా కావలికి పైకెక్కింది. ఊరి లెక్కలో నల్లకళ్లద్దాలవాళ్లు కొనేవాళ్లు, చంకలో చాపలు లేఔట్ కాగితాలు. ఇక మిగిలింది బ్రోకరు. నేను మెల్లగా మేడం వెనక్కి జరిగాను గానీ, ఆకుపచ్చ టీషర్టు దాగుతుందా?

"నువ్వారా!" అంది అత్త. కోపమైతే తట్టుకునేవాణ్ని. ఆమె నడుముకు చుట్టిన కొంగు విప్పి కళ్లకు అద్దుకుంది. "మా అన్న కొడుకే బ్రోకరైండా? ఈ నీళ్లనే అమ్ముకుంటున్నవా?"

ఉద్యోగం, గొప్ప, అన్నీ మరిచిపోయి, "లేదత్తా! అమ్ముతలేరు! సున్నం నేనే కొట్టిన. దారి యాదికుండదని కొట్టిన. నాకు దారి తెల్వదు!" అని పన్నెండుమంది ముందూ, యాభైమంది ముందూ అరిచేశాను. ముందు మంచం మీదాయన పకపకా మొదలుపెడితే, వెంటనే ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది. అత్త కళ్లు తుడుచుకుంటూ, "బుజం మీద నిద్రపోయెటోనికి దారెట్ల తెలుస్తదిరా! నన్ను అడిగితే నీ సొమ్మేం పోతుండె?" అంది.

అప్పుడు మేడం ముందుకొచ్చి, "అమ్మా, మేమేమీ కొనడానికి రాలేదు. కాసేపు చప్పుడు లేకుండా కూర్చుని పోదామని వచ్చాం" అని మెల్లగా చెప్పింది. "గంతేనా?" అని అత్త వెనక్కి తిరిగి ఒక్క కేక వేసింది: "అందరు నోర్లు మూసుకొని కూసోండ్రి! సుట్టాలకు సప్పుడు వద్దంట!" అరవై మందికి పైగా ఆ కుంట చుట్టూ కూర్చున్నాం. ఒక మేక మెడలో గంట కదిలింది, ఒకాయన దగ్గు ఆపుకున్నాడు, అంతే. చిన్నప్పుడు ఆ నీళ్ల పక్కన నిద్రపోయి, ముందురోజు సున్నం ధ్యాసలో పడిన నేను, ఆ రోజే మొదటిసారి వాటిని నింపాదిగా చూశాను. చాలా అందంగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

ఆ పైన శిక్ష. దిగుతూ నలభై రెండు గుర్తులనూ కుంట నీళ్లతో నా చేతే కడిగించింది అత్త, రుద్దడానికి నా టీషర్టే గుడ్డ. (ఉద్యోగం పోలేదు. మేడం ఎంత మెచ్చుకుని రాసిందో చదివి స్మైల్ సార్, "ఆ యాభై మంది ప్రతి ఆదివారం వస్తరా, అడుగు" అన్నాడు. పెదవి కొంచెం కదిలింది కూడా.)

ఇప్పుడు తెల్లరాళ్లు గుట్ట మొదలుదాకా వచ్చాయి. పైకి మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. మొన్న మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. "నాన్నా, దారి తెలుసా?" అంటే "తెలుసు" అన్నాను. రెండో మలుపు దగ్గర ఆగి అత్తకు ఫోన్ చేశాను. మోకాళ్ల నొప్పులతో ఆమె ఇప్పుడు గుట్టెక్కలేదు. గుమ్మంలో కూర్చునే, "చీలిన బండ కాడ ఎడమకు తిరుగు, ఇగ మేకలు తొక్కిన దారి పట్టు" అంటూ పైదాకా నడిపించింది. చేరామని చెబితే, "నీళ్లున్నయా?" అంది. ఉన్నాయన్నాను. "సప్పుడేమన్న ఉన్నదా?" లేదన్నాను. "జర ఫోన్ అటు పెట్టు, వింట" అంది.

నేను ఫోన్‌ను నీళ్లవైపు చాచి నిలబడ్డాను. మా అమ్మాయి ఏదో అనబోతే వేలు పెదవి మీద పెట్టాను. అవతల అత్త, ఇవతల మేము, చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. జుట్టు నెరిసినా దారి నేర్చుకోని మనిషినని నాకు నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు కూడా చప్పుడు కాకుండా నవ్వుకున్నాను.