ఐదో నెల, దవడ పన్ను

పన్ను నొప్పితో చచ్చినోళ్ళు లేరంటారు. ఆ మాట అన్నవాళ్ళకు పన్ను నొచ్చి ఉండదు. నాకు నొచ్చింది. అదీ కడుపుతో ఉన్నప్పుడు, ఐదో నెలలో. స్వరాజ్యం రావడానికి పదేండ్ల ముందు మాట.

మా ఊరు ఓర్వకల్లు గుట్టల కింద. మాది చర్చి కుటుంబం, మూడెకరాల మెట్ట నేల. ఇంట్లో ముగ్గురమే: నేను, మా ఆయన, మా అత్త. నాలుగో మనిషి కోసం ముగ్గురమూ కాచుకొని ఉన్నాము. అంతకు ముందు రెండుసార్లు నాకు కడుపు పోయింది. రెండూ ఐదో నెలలోనే. మొదటిది బావిలో నీళ్ళు చేదినందుకు పోయిందని అత్త తేల్చింది. రెండోది నేను కడప పక్క మా పుట్టింటికి బండిలో పోయినందుకు, ఆ కుదుపుకు జారిందంది. రెండింటినీ మా ఆయనే ఎత్తుకపోయి పూడ్చి వచ్చినాడు. యాడ పూడ్చినాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కాబట్టి మూడోసారి నాకు అన్నీ కట్టడులే. చేద ముట్టగూడదు, రోకలెత్తగూడదు, బండెక్కగూడదు. ఐదో నెల పడిన కొత్తల్లో కడుపులో ఏదో కదిలింది. నీళ్ళలో చిన్న చేప తోక ఆడించినట్ల. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పి పోగొట్టుకునేదాని కన్నా చెప్పకుండా ఉంచుకునేదే మేలనిపించింది.

ఆ తరవాత వారానికి పన్ను మొదలయింది. కింది వరసలో, ఎడమ పక్క, వెనకటి దవడ పన్ను. అది ఎప్పటినుంచో పుచ్చే ఉంది. లవంగం పెట్టుకుంటే సర్దుకునేది. ఈసారి సర్దుకోలేదు. కూచుంటే పోటు, పండుకుంటే రెండింతలు పోటు. నడస్తా ఉంటే మాత్రం కొంచెం తాళేటట్లుండేది. అందుకని ఇంట్లో గోడ నుంచి గోడకు, వాకిట్లో ఎద్దులను కట్టేసే గాటిపాట నుంచి గడప దాకా తిరగడమే నా పనయింది. మా ఆయన సంగటి ముందర కూచొని నన్నే చూసేవాడు.

"కూచోమే. నిన్ను చూస్తాంటే నాకే కండ్లు తిరగతాండాయి."

"నా పన్ను నీ నోట్లో పెట్టుకో. నేను కూచుంటా."

మా అత్త పురుగు తీసే ఆమెను పిలిపించింది. మా పక్క ఊర్లలో అప్పుడు పన్ను నొస్తే అదే వైద్యం. పంట్లో పురుగు పడిందని, వాకుడు గింజల పొగ పెడితే అది కింద రాలుతుందని నమ్మేవాళ్ళు. నేనూ నమ్మినాను. అయితే ఆ పని మంత్రంతో చేస్తారు. మేము చర్చికి పోయేవాళ్ళం. మా అత్తకు ఆడ వచ్చింది చిక్కు.

"మంత్రం చదవగాకమ్మా. మేము దేవుని బిడ్డలం. పొగ మటుకు పెట్టు," అనింది.

"మంత్రం ల్యాకుంటే పురుగు దిగదు అవ్వా. పొగకు అది బెదురుతుందా?"

అత్త కాసేపు ఆలోచన చేసింది. "అట్లయితే మనసులో చదువుకో. మాకినపడకుండా. ఇనపడకపోతే మాకు సంబంధం ల్యా."

ఆమె పెదాలు కదిలిస్తా మనసులోనే చదువుకుంది. మా అత్త మొగం అటు పక్కకు తిప్పుకుంది. ఎర్రగా కాలిన నాగలి కర్రు మీద నూనె పూసిన వాకుడు గింజలు చల్లి, పైన బొక్క పెట్టిన చిల్లపెంకు బోర్లించి, ఆముదపు ఆకు కాడ గొట్టం మాదిరి నా నోట్లో పెట్టింది. ఆ పొగ గొంతుకు తగిలి నేను దగ్గినాను, కక్కినాను. కడుపు పట్టుకొని దగ్గినాను. నోట్లో ఊరిన ఎంగిలంతా నీళ్ళ తట్టలో కారింది. తట్టలో తెల్లటివి, సన్నటివి, నూలు పోగుల మాదిరివి తేలినాయి. ఏడు.

మా అత్త ఆ తట్ట ఎత్తుకొని ఈదిలో నాలుగిండ్లకు చూపించి వచ్చింది. అవి పురుగులు కావు. శానా ఏండ్లకు ఊరికే ఉండబట్టక వాకుడు గింజ పగలగొట్టి చూసినాను. వేడికి పగిలితే లోపలి మొలకే అట్ల తెల్లగా చుట్టుకొని బయటికి వస్తుంది. అయినా ఆ పొద్దు ఏడు పురుగులు చూసినాక నొప్పి తగ్గకపోతే తప్పు నాదే అవుతుంది గదా. రెండు దినాలు పొగకు చిగురు మొద్దుబారి తగ్గినట్లుండింది. మూడో దినం మళ్ళీ లేచింది.

"పురుగులన్నీ పోయినాయి గదా, ఇంకేం నొప్పి?" అనింది అత్త.

"నాకేం తెలుసు? నొస్తాండాది."

"గూడు ఖాళీ అయింది. గూడు నొప్పి అది. ఆరిపోతాది."

ఆరలేదు. బుగ్గ ఉబ్బింది. అప్పుడు అత్త, గడ్డకు కట్టినట్ల, జొన్నపిండి పసుపేసి ఉడకబెట్టి వేడివేడిగా బుగ్గకు కట్టింది. పూటకొకసారి మార్చి మార్చి కట్టింది. ప్రేమతోనే కట్టింది. ఆ వేడికి లోపలి చీము అంతా బయటి చర్మం దిక్కు దారి చూసుకుంది. దవడ కింద ఎర్రగా, నున్నగా, వంకాయ మాదిరి లేచింది. నోరు తెరుచుకోలేదు. రెండు వేళ్ళు పట్టేటంత సందు మాత్రమే మిగిలింది. ఆ సందులో గంజి పోసుకునేదాన్ని. జొరం వచ్చింది.

జొరం వచ్చిన పొద్దు నుంచి ఆ చేప కదల్లేదు.

ఆ మాట చెప్పాల్సి వచ్చింది. చెప్పినాను. మా అత్త నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. మా ఆయన చర్చి ఉపదేశి దగ్గరికి పోయి వచ్చి, కర్నూలు ఆసుపత్రికి తీసకపొమ్మన్నాడని చెప్పినాడు.

"పన్ను పీకుతారు. పన్ను పీకితే కడుపు జారతాది," అనింది అత్త. "పన్నుకు పేగుకు ఒకటే నరం. యాడా ఇనలేదా నువ్వు?"

"పన్ను ఉంటే మాత్రం తిండి ల్యాక బిడ్డ బతుకుతాదా?" అన్నాడు ఆయన.

"బతికేది బతుకుతాది. పీకితే కచ్చితంగా పోతాది. పైగా బండి. పన్నెండు మైళ్ళు. పోయినసారి బండే మింగింది."

తల్లీ కొడుకూ అట్ల పొద్దు గుంకేదాకా వాదులాడినారు. నేను గోడ నుంచి గోడకు తిరగతానే ఉన్నాను. ఎవరూ నన్ను అడగలేదు. ఆఖరుకు నేనే అన్నాను, దవడ కదపకుండా పండ్ల సందులోంచి: "బండి ఎక్కను. నడిచి పోతా. ఎట్లాగూ కూచోలేను గదా."

కోడి కూసినాక బయలుదేరినాము. బండి ఎందుకంటే, నేను పడిపోతే ఎత్తి వేసుకోవడానికి. ఆయన ఎద్దుల పగ్గం పట్టుకొని ముందర, కప్పు లేని బోడ బండి మధ్యలో, మూతికి గుడ్డ కట్టుకొని నేను వెనక. ఎండ ముదిరే కొద్దీ దారి మీద మనుషులు ఎక్కువైనారు. గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయన ఒకడు నిలబడి చూసినాడు.

"ఏమప్పా, బండి ఉత్తదే పోతాంది, కడుపుతో ఉన్న మనిషి నడస్తాంది! ఎద్దులకు కడుపా, ఆమెకు కడుపా?"

మా ఆయన తల వంచుకొని పోయినాడు. కొంచెం దూరం పోయినాక, "ఎక్కుమే, మానం పోతాంది," అన్నాడు.

"నీ మానం మోసేదానికి బండి ఉంది గదా. దాన్నే ఎక్కించుకో."

ఎనిమిదో మైలు రాయి దాటినాక గుడ్డ తడిసింది. చెమట అనుకున్నాను. చెయ్యి పెట్టి చూస్తే చీము, నెత్తురు. గడ్డ దవడ కింద పగిలింది. అంత వాసన నా ఒంట్లోంచి వచ్చిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. కానీ నొప్పి! పిడికిలి విప్పినట్ల ఒక్కసారిగా దిగింది. తుమ్మచెట్టు కింద కూచున్నాను. పది దినాలకు నేను కూచున్నది అప్పుడే.

ఆయన తిత్తిలో నీళ్ళతో కడిగినాడు. మొగంలో వెలుగొచ్చింది. "అమ్మ కట్టిన కట్టు పని చేసింది చూడు. పగిలింది గదా, ఇంక ఆరతాది. పన్ను పీకే పని ల్యా. ఎనక్కి పోదాం పా." అంటానే ఎద్దులను మళ్ళిస్తున్నాడు.

నాకూ పోదామనే అనిపించింది. ఆ మాట దాయను. నొప్పి లేకుండా కూచోవడం ఎంత రుచిగా ఉందో! ఆ ఎండలో అట్లే నిద్రపోయి ఉందును. కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. ఒక చోట, ఇంకొక చోట, బొడ్డు కింద. బియ్యం మూట మీద చెయ్యి పెట్టినట్లే ఉంది. ఏమీ లేదు.

"నొప్పి తగ్గింది నాకు. దానికి తగ్గిందో లేదో ఎవరికి తెలుసు?" అని లేచి కర్నూలు దిక్కే నడిచినాను. ఎనక బండి తిరిగి నా దిక్కుకు మళ్ళిన చప్పుడు ఇనపడేదాకా తిరిగి చూడలేదు.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు. సర్కారు జిల్లాల మనిషి, ప్రతి మాటకూ 'అండి' తగిలించేవాడు. నోరు చూసినాడు, దవడ కింద పుండు చూసినాడు.

"బయట నుంచి కాపడం ఎవరు పెట్టారండి?"

"మా అత్త."

"అందుకే చీము బయటికి దారి చేసుకుంది. పన్ను ఉన్నంతకాలం అది కారుతూనే ఉంటుందండి. ఎన్నో నెల?"

"ఐదు."

"ఇంతకు ముందు?"

"రెండు పోయినాయి. రెండూ ఐదులోనే."

ఆయన చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. "పన్ను పీకితే గర్భం పోతుందని మా అమ్మ కూడా అంటుందండి. చీము ఒంట్లో ఉంటేనే పోతుందని నేనంటాను. కానీ పోదని మాత్రం మాట ఇవ్వలేను. జ్వరం ఇప్పటికే ఏం చేసిందో నాకు తెలియదు."

దొంగ ధైర్యం చెప్పి ఉంటే నేను లేచి వచ్చేసి ఉందును. తెలియదని చెప్పినందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

కాంపౌండరు సాయిబు ఒక కాగితం తెచ్చినాడు. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటినాక, చర్చిలో పిల్లకాయల పక్కన పలక పట్టుకొని. అప్పుడు మా ఇద్దరికీ ఏమీ రాదు. సాయిబే చదివి చెప్పినాడు: ఈ పని వల్ల తల్లికి గానీ కడుపులో బిడ్డకు గానీ ఏమన్నా అయితే మేము డాక్టరును అడగము, ఇది మా ఇష్టప్రకారమే చేయించుకుంటున్నాము. చదివి, మా ఆయన ముందర సిరా దిమ్మ పెట్టినాడు.

ఆయన చేతులు ఎనక్కి కట్టుకున్నాడు.

"ఎయ్యప్పా, ఏలిముద్ర."

"నేనెయ్యను."

"మొగుడు ఎయ్యాల గదా?"

"రెండింటిని ఈ చేతుల్తోనే పూడ్చినా సాయిబూ. మూడోదానికి ముందరే ఏలు పెట్టి రమ్మంటావా? నాతో కాదు." ఆ మాట అని వరండాలోకి పోయి నా దిక్కు వీపు పెట్టి నిలబడినాడు. రెండింటి గురించి ఆయన నోరు తెరిచింది నేను అప్పుడే ఇన్నది. అదీ నాతో కాదు, సాయిబుతో.

కోపం వచ్చింది నాకు. జాలి కూడా వచ్చింది గాని కోపమే ముందు వచ్చింది. "పన్ను నాది, కడుపు నాది. ఏలు గూడ నాదే తీసుకో సాయిబూ," అని బొటనవేలు సిరాలో అద్దినాను. ఆడమనిషిది చెల్లుతుందా అని సాయిబు డాక్టరు దిక్కు చూసినాడు. డాక్టరు చెల్లుతుందన్నాడు.

పీకడం గురించి ఎక్కువ చెప్పను. చిగురుకు సూది వేసినాడు. చీము ఉన్న చోట అది సరిగ్గా పట్టదని ముందే చెప్పినాడు, అట్లే పట్టలేదు. పండ్ల నడుమ చెక్క దూర్చి కొంచెం కొంచెంగా నోరు తెరిపించినారు. పన్ను రెండు ముక్కలుగా వచ్చింది. రెండో ముక్కకు నేను సాయిబు చెయ్యి గీరినాను. ఆయన "హోగయా బీబీ, హోగయా," అంటానే ఉన్నాడు. అది అప్పటికి కాలేదు.

రెండు దినాలు ఆడనే ఉండమన్నారు. ఆడవాళ్ళ వార్డులో మంచం ఇచ్చినారు. నేను మంచం మీద ఉంటే గదా. నొప్పి పోయినా కాళ్ళు ఒక చోట నిలవలేదు. వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు తిరగతా, ప్రతి మంచం దగ్గరా నిలబడి కడుపు మీద చెయ్యి పెట్టుకునేదాన్ని. నెత్తురు కనపడిందా అని గంటకొకసారి చూసుకునేదాన్ని. పక్క మంచం ఆమె, "నువ్వు తిరగతాంటే అది ఎట్ల కదులుతాదమ్మా? ఉయ్యాల ఊపితే బిడ్డ నిద్రపోదా? ఒక చోట పండుకో," అనింది. ఆ మాటలో న్యాయం ఉన్నట్లే తోచింది. పండుకున్నాను. పండుకోవడం నడవడం కన్నా కష్టమయింది. దూలాలు లెక్కపెట్టినాను. మా ఆయన గడప దగ్గర గొంతుక్కూచొని ఉండేవాడు. నేను పిలవలేదు, ఆయన రాలేదు. బజారులో రొట్టె కొనుక్కొచ్చుకొని తినకుండా పట్టుకొని ఉండేవాడు.

రెండో దినం మధ్యాహ్నం గంజి తాగినాను. పది దినాల తరవాత గిన్నె నిండా తాగింది అదే. గిన్నె కింద పెడతా ఉంటే కదిలింది. ఎడమ పక్క. ఊపిరి బిగబట్టినాను. మళ్ళీ కదిలింది. చేప కాదు ఈసారి, మోచెయ్యి పొడిచినట్ల.

వెంటనే చెప్పలేదు. వేలు పెట్టను పొమ్మన్నాడు గదా, కొంచెంసేపు అట్లే కూచోనీ అనుకున్నాను. ఆయన రొట్టె విరిచి నోటి దాకా తెచ్చి మళ్ళీ దించినాడు. అది చూసి నావల్ల కాలేదు.

"ఇట్ల రా," అన్నాను.

వచ్చినాడు. "కదిలింది," అన్నాను.

"నిజంగానా? గంజి తాగినావు గదా, గాలేమో."

చెయ్యి పట్టుకొని కడుపు మీద పెట్టుకున్నాను. వార్డంతా మా దిక్కే చూసింది. ఆయన చెయ్యి గుంజుకోబోయినాడు. "ఏందిమే ఇది, అందరూ చూస్తాండారు."

"చూడనీ."

శానాసేపు ఏమీ కదల్లేదు. ఆయన చెయ్యి తియ్యలేదు. వంగి వంగి నడుము నొచ్చిందేమో, మెల్లగా నేల మీద మోకాళ్ళూని కూచున్నాడు. ఇంకొంచెంసేపటికి ఆయన నోరు తెరుచుకుంది. నేను ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.