నీళ్ళల్ల నీళ్ళు

భద్రాచలం గుడి దగ్గర ఎవరిని అడిగినా రాముడు మొగుడు, సీత పెళ్ళాం అంటారు. మా దమ్మపేటలో అది తిరగబడింది. సీతయ్య మొగుడు, రామక్క పెళ్ళాం. అడవికి పోయింది కూడా రామక్కే, ఒక్కతే పోయింది. బంగారు లేడీ లేదు, రావణుడూ లేడు. ఒక్క మాట వల్ల పోయింది. ఆ మాట "నీళ్ళు".

సీతయ్యది బ్యాటరీల షాపు. సత్తుపల్లి రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ట్రాక్టర్లవీ, ఆటోలవీ, ఇళ్ళలోని ఇన్వర్టర్లవీ బ్యాటరీలు తెచ్చి అక్కడ చార్జింగు పెట్టిస్తారు. ఆ షాపు ముందు బల్ల మీద పదిహేనేళ్ళుగా పేపరు చదువుతున్న ముసలివాణ్ణి నేను. నేను చెప్పేవాటిలో సగం నమ్మొద్దని నా మనవరాలు దీపిక అందరికీ ముందే చెబుతుంది. ఇందులో ఏ సగం నమ్మకూడదో వచ్చినప్పుడు నేనే చెబుతాను.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కోయవాళ్ళు. ములకలపల్లి దాటాక అడవిలో గుట్ట కింద ఉన్న గూడెం రామక్క పుట్టిల్లు. సీతయ్య పదో తరగతి తప్పి, ఖమ్మంలో ఏడేళ్ళు పని నేర్చుకుని వచ్చి ఈ షాపు పెట్టాడు. అతని ప్యాంట్ల నిండా చిల్లులే. యాసిడ్ చుక్క పడ్డ రోజు బట్ట బాగానే ఉంటుంది, ఉతికిన రోజు ఊడివస్తుంది. రామక్క ఆ చిల్లులకు ఏ రంగు దారం దొరికితే ఆ రంగుతో కుట్లు వేసేది. "తాతా, మా ఆయన ప్యాంటు జూసినవా? నెమలి లెక్కుంది" అని నాకు చూపించి మురిసేది.

ఆ షాపులో అన్నీ నీళ్ళే. బిందెలో తాగేవి నీళ్ళు. "బ్యాటరీల నీళ్ళు తగ్గినయ్" అంటే డబ్బాల్లో వచ్చే డిస్టిల్డ్ వాటర్. "కొత్త బ్యాటరీకి నీళ్ళు పోసిన" అంటే యాసిడ్. మూడూ చూడటానికి ఒకేలా తేటగా ఉంటాయి. ఏది ఏదో చేతికి తెలిస్తే చాలు, నోటికి తెలియక్కర్లేదని సీతయ్య అనుకునేవాడు.

ఆరేళ్ళ కిందట ఒక ఎండాకాలం మధ్యాహ్నం. ఆ రోజుల్లో సీతయ్య చిక్కటి యాసిడ్ కొనుక్కొచ్చి తనే కలుపుకునేవాడు. కింద రెండు ప్లాస్టిక్ టబ్బులు. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో యాసిడ్. అతను బయట ఒక ట్రాక్టరు బ్యాటరీ బిగిస్తున్నాడు. నేను వైరా చెరువు మొసలి ఖమ్మం బస్సెక్కిన కథ చెబుతున్నాను. కండక్టరు దానికి హాఫ్ టికెట్టు కొట్టాలా, ఫుల్లు కొట్టాలా అని తోక కొలుస్తున్నాడు. (ఇది నమ్మకూడని సగం.) సీతయ్య పగలబడి నవ్వుతూ, తల తిప్పకుండానే లోపలికి కేకేశాడు.

"రామక్కా, ఆ నీళ్ళల్ల నీళ్ళు పొయ్యి. మెల్లగ."

నీళ్ళలో యాసిడ్ పొయ్యమని అతని అర్థం. రామక్క మగ్గుతో నీళ్ళు తీసుకుని యాసిడ్‌లో పోసింది.

ఇదెంత ప్రమాదమో నాకు తెలుసు. చిన్నప్పుడు నేను చదివిన విజయవాడ కాన్వెంటులో ఒక మలయాళీ సిస్టరు బెత్తంతో వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది. యాసిడ్‌ను నీళ్ళలో పోయాలి, కొద్దికొద్దిగా పోయాలి. నీళ్ళను యాసిడ్‌లో ఎప్పుడూ పోయకూడదు, పోస్తే ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. టబ్బులు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ ముక్క నా నోటికి రాలేదు. మొసలి వచ్చింది.

బుస్సుమని చప్పుడు. తర్వాత రామక్క అరుపు.

ఆ రోజు నల్లా రాలేదు. బిందె అడుగున గ్లాసుడు నీళ్ళు కూడా లేవు. టబ్బులో నీళ్ళు రామక్క కాలు తగిలి ఒలికిపోయాయి. మగ్గులో మిగిలినవి చల్లి సీతయ్య పిచ్చివాడిలా రోడ్డు మీదకు ఉరికాడు. పక్కన టిఫిన్ బండి నడిపే నాగలక్ష్మి పాలు పట్టుకొచ్చి కళ్ళలో చుక్కలు వేసింది. ఇంకెవరో ఏదో ఆకు పిండారు. పది నిమిషాల తర్వాత ఎవరో బిందెతో నీళ్ళు తెచ్చేసరికి రామక్కను ఎక్కించుకుని ఆటో కదిలిపోయింది. ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ ఒక్కటే అడిగింది: "పడ్డ వెంటనే నీళ్ళతో ఎంతసేపు కడిగారు?"

కుడి కన్ను దక్కింది. ఎడమ కన్ను పోయింది.

రామక్క తిట్టలేదు. తిడితే బాగుండేదని సీతయ్య నాతో చాలాసార్లు అన్నాడు. ఇంటికొచ్చిన రోజు అతను గ్లాసుతో నీళ్ళిచ్చాడు. ఆమె గ్లాసు అందుకుని ఉన్న ఒక్క కంటితో లోపలికి చూసింది. వాసన చూసింది. పక్కన పెట్టింది. లేచి తడుముకుంటూ బోరింగు దాకా వెళ్ళి తనే కొట్టుకుని తాగింది. మర్నాడూ అంతే. మూడు నెలలు అంతే. అతను వండిన కూడు తినేది, అతను కట్టిన ఆకువక్కా వేసుకునేది. నీళ్ళు మాత్రం ముట్టేది కాదు.

వెళ్ళేరోజు సంచి భుజాన వేసుకుని షాపు ముందు ఆగింది.

"నీ మీద కోపం లేదయ్యా. నీ చేతుల నీళ్ళు జూస్తే గొంతు మూసుకపోతాంది. మొగుని చేతుల నీళ్ళు తాగనిదాన్ని ఇంట్ల ఏం కాపురం జేస్త?"

"ఎన్ని రోజులకొస్తవ్?"

"దూపైననాడు."

దాహం వేసిన రోజు వస్తానని దానర్థం. అడవి గూడేలకు పోయే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సీతయ్య రెండుసార్లు గూడెం వెళ్ళాడు. రామక్క కూర్చోబెట్టి అన్నం పెట్టింది, ముంతతో నీళ్ళిచ్చింది. అతను తాగాడు. అతను కుండలోంచి ముంత నింపి ఇస్తే మాత్రం కింద పెట్టింది. మూడోసారి వెళ్ళలేదు. ఫోను చేద్దామంటే అక్కడ సిగ్నలు కోసం గుట్టెక్కాలి. రామక్క ఎక్కదు.

అప్పటినుంచి షాపు మారింది. ముందు మాట మారింది. "సీతన్నా, బ్యాటరీల నీళ్ళు పొయ్యి" అని ఎవరన్నా అంటే, "ఏ నీళ్ళు? పేరు వెట్టి జెప్పు" అని నిలబెట్టేవాడు. యాసిడ్ అనో డిస్టిల్డ్ అనో నోరు తెరిచి చెబితేనే పని. కలపడం మానేసి, కలిపి వచ్చిన యాసిడే కొంటున్నాడు. దాని డబ్బాకు ఎర్రరంగు, డిస్టిల్డ్ డబ్బాకు నీలం. చదువు రానివాళ్ళకు తెలియాలని నేను ఎర్రదాని మీద పులి బొమ్మ, నీలందాని మీద చేప బొమ్మ గీసిచ్చాను. ఆ పులి ఒకసారి ఒక సర్పంచి మీసం కొరికిందని కూడా ప్రచారం చేశాను. ఎర్ర డబ్బా జోలికి ఎవరూ పోలేదు. అబద్ధాలకూ ఒక్కోసారి పని దొరుకుతుంది.

గోడకు కళ్ళద్దాలూ రబ్బరు గ్లౌజులూ వేలాడదీశాడు. రెండు వైపులా కిటికీలు కొట్టించాడు. తలుపు పక్కన రెండు నిండు బిందెలు. పొద్దున్నే పాత నీళ్ళు పారబోసి కొత్తవి నింపుతాడు. ఎంత ఎండ కాసినా వాటిలో నీళ్ళు తాగనివ్వడు, చేతులు కడగనివ్వడు. ముదిగొండ నుంచి వచ్చే ట్రాక్టరు ఆసామి ప్రభాకర్ ఎగతాళి చేసేవాడు.

"పెండ్లాం పోయినంక బిందెలతోని కాపురం వెట్టినవా సీతన్నా?"

"అవ్. అవి నీ లెక్క ఊకె మాట్లాడయ్."

మూడోది కూడా ఒకటుంది. చిన్న రాగి చెంబు. తాగే నీళ్ళు పోసి, మీద గ్లాసు బోర్లించి, నేను కూర్చునే బల్ల చివర పెట్టేవాడు. అడవి ఆటోలు ఆగేది ఎదురుగానే. ఆటో ఆగినప్పుడల్లా చేతిలో పని ఆపి తలెత్తేవాడు. దిగేవాళ్ళంతా దిగాక మళ్ళీ వంగేవాడు. సాయంత్రం అయిదింటి ఆటో వెళ్ళిపోయాక ఆ చెంబు నీళ్ళు షెడ్డు వెనక కరివేపాకు మొక్కకు పోసేవాడు. ఆరేళ్ళలో అది రేకులు దాటి పెరిగింది. నాగలక్ష్మి చట్నీలో పోపంతా దానిదే. "మీ రామక్క పుణ్యాన నా బండి నడుస్తాంది" అనేది. సీతయ్య నవ్వేవాడు. ఆ నవ్వు చూడటం నాకు కష్టంగా ఉండేది.

మొన్న వారపు అంగడికి ముందు రోజు లాలు ఆటో ఆగింది. లాలు లంబాడీ పిల్లాడు, ముప్పై ఏళ్ళుంటాయి, ఇద్దరు బిడ్డల తండ్రి. ములకలపల్లి మీదుగా రామక్క వాళ్ళ గూడెం దాకా ఆటో నడిపేది అతనే. అతని బ్యాటరీ పొద్దుటినుంచి చార్జింగులో ఉంది. సీతయ్య వెనక వేరే బ్యాటరీ కడుగుతున్నాడు.

"అన్నా, సవార్లు ఎదురుజూస్తున్నరు, జల్దీ!"

"ఆగు, ముందు స్విచ్..."

లాలు ఆగలేదు. స్విచ్ ఆపకుండానే క్లిప్పు పట్టి లాగాడు. చార్జింగులో ఉన్న బ్యాటరీ గ్యాసు వదులుతుంది. దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. క్లిప్పు ఊడినచోట చిటుక్కుమంది. తుపాకి పేలినట్టు బ్యాటరీ పై మూత లేచిపోయింది. లాలు రెండు చేతులతో మొహం కప్పుకుని కూలబడ్డాడు.

సీతయ్య వచ్చాడు. అరవలేదు. ముందు గోడమీద మెయిన్ ఆపాడు. లాలు రెక్క పట్టి బయటికి ఈడ్చి, తల పక్కకు వంచి, మొదటి బిందె ఎత్తాడు.

"చేతులు దీయి! రుద్దకు! కన్ను తెరువు!"

"మండుతాందన్నా, తెరువరాదు..."

సీతయ్యే బొటనవేలితో రెప్ప విప్పి పట్టుకుని, ముక్కు వైపు నుంచి బయటికి జారేటట్టు సన్నటి ధారగా పోశాడు. ఒక కంటి నీళ్ళు రెండో కంట్లో పడకుండా తల తిప్పుతూ పోశాడు. తడిసిన చొక్కా చింపి అవతల పారేశాడు. నాగలక్ష్మి గిన్నెతో పరుగెత్తుకొచ్చింది.

"ఆముదం తెచ్చిన సీతన్నా, రెండు చుక్కలు..."

"ఏదొద్దక్కా! పాలొద్దు, ఆముదమొద్దు, ఆకొద్దు! నీళ్ళు! బిందె నింపుకరా!"

ఆరేళ్ళలో అతని నోట "నీళ్ళు" అని ఒట్టి మాట వినడం అదే మొదటిసారి. నాగలక్ష్మి గిన్నె కింద పెట్టి బిందె అందుకుంది.

"తాతా, గడియారం జూడు. ఇరవై నిమిషాలు. నేనాపుత అన్నా ఆపనియ్యకు."

అయిదు నిమిషాలకే లాలు చాలు చాలని గింజుకున్నాడు. అప్పుడు నేను అతని తల దగ్గర కూర్చుని వైరా మొసలిని మళ్ళీ బస్సెక్కించాను. ఈసారి దాన్ని ఖమ్మంలో దింపలేదు. కొత్తగూడెం తీసుకెళ్ళాను, భద్రాచలంలో గోదావరి స్నానం చేయించాను, ప్రసాదం లడ్డూలు తినిపించాను. లాలు ఏడుస్తూనే, "లడ్డు తిన్నదా తాతా, నిజంగ?" అన్నాడు. ఇరవై నిమిషాలయ్యేదాకా మొసలి బస్సు దిగలేదు. సీతయ్య మాత్రం ఈసారి నవ్వలేదు. అతని చూపు ధార మీదే ఉంది. ఆ కన్ను లాలుది అన్న సంగతి అతనికి గుర్తుందో లేదో నాకు తెలియదు.

ఆసుపత్రికి పోతూ కూడా దారిపొడవునా సీసాలతో కడుగుతూనే ఉన్నాడు. డాక్టరు రెండు కళ్ళూ చూసి, ఎర్రదనం వారంలో తగ్గుతుందనీ, చూపుకు ఏమీ కాలేదనీ చెప్పాడు. సీతయ్య తిరిగొచ్చి, నేల మీద ఒలికిన యాసిడ్ మీద తినే సోడా చల్లి, నురగ ఆగేదాకా చూసి కడిగాడు. అప్పుడు నా బల్ల మీద కూర్చుని ఏడ్చాడు.

"గప్పుడు గీ రెండు బిందెలుంటే, తాతా."

నా దగ్గర ఉన్న కథల్లో ఒక్కటీ దానికి సరిపోదు.

పై వారం అంగడి రోజు లాలు ఆటో ఆగింది. నల్లద్దాలు పెట్టుకున్న లాలు దిగాడు. ముందు సీటులోంచి రామక్క దిగింది. సగం వెంట్రుకలు నెరిశాయి. గూడెంలో లాలు ఇల్లిల్లూ తిరిగి బిందెల కథ చెప్పాడట. మొసలిని కూడా కలిపే చెప్పి ఉంటాడు.

సీతయ్య చేతిలో పానా అలాగే ఉంది. రామక్క షాపంతా కలయతిరిగింది. బిందెల్లోకి తొంగిచూసింది. ఎర్ర డబ్బా ముందు ఆగింది.

"ఇదేంది?"

"యాసిడ్."

"బొమ్మెవరేసిండ్రు? పిల్లి లెక్కుంది."

"పులమ్మా అది" అన్నాను నేను.

"నువ్వేసినవా తాతా? మరి అబద్ధమే అయితది."

అక్కణ్ణుంచి వచ్చి బల్ల చివర కూర్చుంది. చెంబును చూసింది.

"ఇది?"

"నీళ్ళు" అన్నాడు సీతయ్య.

"ఏ నీళ్ళు? పేరు వెట్టి జెప్పు."

"తాగే నీళ్ళు. నీకోసం పెట్టినయి."

గ్లాసులో వంచి ఇచ్చాడు. ఆమె గ్లాసులోకి చూసింది. ముక్కు దాకా తెచ్చి ఆగింది. రోడ్డు మీద ఒక లారీ వెళ్ళింది, దుమ్ము లేచింది, సద్దుమణిగింది. ఆమె ఇంకా పట్టుకునే ఉంది. తర్వాత ఉన్న ఒక్క కన్నూ మూసుకుని తాగింది. గొంతు కదలడం ఇద్దరం చూశాం. గ్లాసు చాచింది. అతను మళ్ళీ వంచాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగింది.

ఉంటానని అనలేదు. అతనూ అడగలేదు. అతని ప్యాంటు మోకాలి దగ్గర చిల్లు చూసి, "గీ తెల్లదారంతోని ఎవరు కుట్టిండ్రు? అసయ్యంగుంది" అంది. సాయంత్రం అయిదింటి ఆటో ఎక్కింది. కదులుతుంటే తల బయటికి పెట్టి కేకేసింది.

"వచ్చే అంగడికి జర సల్లగ పెట్టు. ఎండల పెట్టి కాగపెట్టినవ్!"

ఆటో మలుపు తిరిగేదాకా సీతయ్య నిలబడ్డాడు. అలవాటు కొద్దీ చెంబు తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్ళాడు, వంచాడు. ఒక్క చుక్క కూడా రాలేదు. ఆ పూట కరివేపాకు చెట్టు దూపతోనే ఉంది.