ఊరు అడిగింది, నంబరు అడగలేదు

2023 జూలై. సిడ్నీలో అది చలికాలం. బ్లాక్‌టౌన్ స్టేషన్‌కి దగ్గర్లో, ఒక పాత షాపింగ్ ఆర్కేడ్‌లో నా ఫోన్ రిపేరు దుకాణం. దుకాణం అన్నానని మరీ పెద్దగా ఊహించుకోకండి. ఒక కౌంటరు, దాని వెనక ఒక బల్ల, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి నిలబడాల్సినంత చోటు. పగిలిన స్క్రీన్లు మార్చడం, బ్యాటరీలు వేయడం, నీళ్ళలో పడ్డ ఫోన్లను మళ్ళీ బతికించడం నా పని. అనంతపురంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. ఇక్కడికొచ్చాక నాలుగైదు రకాల ఉద్యోగాలు చేసి, చివరికి నాకు ఇష్టమైన పనిలోనే వచ్చి పడ్డాను. చెయ్యి నిదానం, నోరు దురుసు. ఈ రెండూ తెలిసే జనం నా దగ్గరికి వస్తారు.

ఆ రోజు స్కూళ్ళు వదిలే వేళకి అనిత వచ్చింది. చీరాల అమ్మాయి, ఇక్కడ చైల్డ్‌కేర్‌లో పనిచేస్తుంది. వెంట తొమ్మిదేళ్ళ కూతురు నిత్య. నేను చెప్పే తెలుగంతా ఆ పిల్లకి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

"అక్కా, ఒక కవరు, ఒక స్క్రీన్ గార్డు కావాలి" అని ఏదో మోడల్ పేరు చెప్పింది అనిత.

"ఫోన్ ఇట్లియ్యి, నేనే వేసిస్తా."

"ఫోన్ ఇంకా కొనలేదక్కా. ఇంకాసేపట్లో కొంటున్నా. పార్కు పక్కన కార్‌పార్కులో కలుద్దామన్నాడు, ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టినాయన."

పెళ్ళి కుదరకముందే శుభలేఖలు అచ్చేయించే రకమని నవ్వుకుని, ఎవరా పెద్దమనిషి అని అడిగాను. అనిత మొహం వెలిగిపోయింది.

"మన తెలుగాయనేనక్కా! శ్రీనివాస్ గారని. మీదే ఊరని అడిగితే బాపట్ల అన్నాడు. మా పిన్ని వాళ్ళు ఉండేది అక్కడే. చాలా మర్యాదగా మాట్లాడాడు."

"ఏ ఊరని అడిగితివి, బాగానే ఉంది. ఐఎంఈఐ అడిగినావా?"

"అదేంటి?"

నాకు ఒళ్ళు మండింది, కానీ నవ్వు కూడా ఆగలేదు. ఐఎంఈఐ అంటే ప్రతి ఫోన్‌కీ ఉండే సొంత నంబరు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే తెర మీదకి వస్తుంది. ఆ నంబరు చూస్తే ఈ ఫోన్ పోయిందనో, దొంగతనమైందనో ఎవరైనా చెప్పి ఆపించారా లేదా అన్నది తెలుస్తుంది. మన తెలుగువాళ్ళకి మాత్రం ఊరే ఐఎంఈఐ. పరదేశంలో ఎవరైనా ఎదురుపడగానే మీదే ఊరు అంటాం. చుట్టుపక్కల ఏదో ఒక ఊరు తగిలిందా, తనిఖీ అంతటితో పూర్తి. పిన్ని ఉన్న ఊరివాడు పాడు ఫోన్ అమ్మడని ఎక్కడ రాసుంది?

"ఆయన్ని ఇక్కడికే రమ్మను. నా కౌంటరు మీదనే చూసి కొనుక్కో."

"అయ్యో, బాగోదక్కా. అన్నా అని పిలిచాను కూడా. ఇప్పుడు అనుమానపడినట్టు ఉంటుంది. ఏమనుకుంటాడు?"

ఈ మొహమాటంతో నాకు పాత వైరం. తాళం పడిన ఫోన్లు, సగం వాయిదాలు మిగిలున్న ఫోన్లు కొనుక్కొచ్చి నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో చాలామందిని ముంచింది అమ్మినవాడికంటే ముందు ఈ మొహమాటమే. మామూలుగా అయితే రెండు మాటలని ఊరుకునేదాన్ని. కానీ ఆ ఫోన్ ఎందుకు కొంటున్నదో నాకు తెలుసు.

నిత్యకి టైప్ వన్ డయాబెటిస్. చిన్నప్పుడే బయటపడింది. మోచేతికి పైన బిళ్ళంత సెన్సరు ఒకటి అతికించి ఉంటుంది. ఒంట్లో చక్కెర ఎంతుందో అది దగ్గరున్న ఫోన్‌కి పంపిస్తుంది, ఆ ఫోన్ నెట్ ద్వారా తల్లి ఫోన్‌కి పంపిస్తుంది. పిల్ల వాడిన పాత ఫోన్‌ని ఆ నెల మొదట్లో నేనే విప్పి చూసి, ఇక లాభం లేదని చేతులెత్తేశాను. ఆ సెన్సరు యాప్ అన్ని మోడళ్ళలోనూ నడవదు. నడిచేవి కొత్తవి కొనాలంటే ఖరీదు. తొమ్మిదేళ్ళ పిల్ల చేతిలో, అదీ బురదలో పొర్లే క్యాంపుకి, అంత ఫోన్ ఎందుకని అనిత సెకండ్ హ్యాండ్‌ది వెతికింది. అందులో తప్పేమీ లేదు. నేనైనా అదే చేస్తాను.

ఆ క్యాంపే అసలు సంగతి. తర్వాతి వారం నిత్య తరగతి పిల్లల్ని రెండు రాత్రులు ఊరి బయటికి తీసుకెళ్తున్నారు. అప్పటిదాకా స్నేహితుల ఇంట్లో రాత్రి పడుకునే స్లీపోవర్లనీ, ఎక్స్‌కర్షన్లనీ ఏది వచ్చినా అనిత ఏదో ఒక వంక పెట్టి పిల్లని ఇంట్లోనే ఉంచేసింది. భయం మరి. ఈసారి మొదటిసారి సరే అంది. టీచర్లు శిక్షణ తీసుకున్నారు, క్యాంపు దగ్గర మొబైల్ సిగ్నల్ ఉందని కూడా కనుక్కున్నారు. ఫోన్ ఉంటే వెళ్తుంది, లేకపోతే లేదు. అదీ తల్లీకూతుళ్ళ ఒప్పందం.

"నీకు మొహమాటమైతే నా మీద పెట్టు. గార్డు వేయించుకోవాల, షాపు దగ్గరికే రండి అని చెప్పు" అన్నాను. అనిత మెసేజ్ పెట్టింది. పాపం, చివర రెండు దండం బొమ్మలు కూడా పెట్టింది.

శ్రీనివాస్ గారు వచ్చారు. నలభై దాటిన మనిషి, ఇంటి నుంచి పనిచేసే రోజు కాబట్టి చెప్పులతోనే వచ్చేశారు. చేతిలో ఫోన్, దాని డబ్బా, కొన్న బిల్లు. ఫోన్ మీద ఒక్క గీత లేదు. నిత్య దాన్ని చూడగానే "మమ్, ఇట్స్ బ్లూ!" అని గంతేసింది.

ఆయన కూర్చున్నాక నా పని మొదలుపెట్టాను. ముందు పాత అకౌంటు తీసేశారా లేదా చూశాను. దాన్ని యాక్టివేషన్ లాక్ అంటారు. అది తీయకపోతే ఫోన్ మన చేతిలో ఉన్నా తాళం పాత యజమాని దగ్గరే ఉంటుంది. ఆయన శుభ్రంగా తీసేశారు. ఫోన్‌లో నంబరు, డబ్బా మీద నంబరు, బిల్లులో నంబరు ఒకటే. అనిత నా వైపు 'చూశావా' అన్నట్టు చూసింది. తర్వాత ఇలాంటి పరీక్షలకని దగ్గర పెట్టుకున్న నా సిమ్ కార్డు వేశాను.

సర్వీస్ లేదు.

"ఈ ఆర్కేడ్‌లో సిగ్నల్ తక్కువేమోనండీ. ఇంట్లో వైఫై మీద బ్రహ్మాండంగా నడుస్తోంది" అన్నారాయన.

అదే సిమ్ నా ఫోన్‌లో వేస్తే నిండా సిగ్నల్ గీతలు వచ్చాయి. ఐఎంఈఐ కొట్టి చూసుకునే వెబ్‌సైటు ఒకటుంది ఇక్కడ, ఎవరైనా చూసుకోవచ్చు. అందులో కొట్టాను. పోయిందని రిపోర్టయిన ఫోన్, నెట్‌వర్కులు ఆపేశాయి అని వచ్చింది. తెర ఆయన వైపు తిప్పాను.

ఆయన మొహం ఎర్రబడింది. "అంటే ఏంటండీ, నన్ను దొంగనంటున్నారా? నా బిల్లు, నా పేరు. ఫ్యామిలీ ఉన్నవాణ్ణి నేను!"

అనిత నా చెయ్యి పట్టుకుని లాగింది. "వద్దులే అక్కా, వదిలెయ్యి. సారీ అన్నా..." ఫోన్ పనికిరాదని కళ్ళతో చూసి కూడా ఆయనకే సారీ చెబుతోంది! మరుక్షణంలో కొనేసి ఇంటికి తీసుకుపోతుందేమో అనిపించింది.

"ఎవరూ దొంగ అనలేదన్నా. బిల్లు నీదే, కనపడుతోంది. ఒకటే మాట చెప్పు. ఈ ఫోన్ ఎప్పుడన్నా పోయిందని ఎవరికైనా చెప్పినావా?"

ఆయన డబ్బా మీది నంబరు మళ్ళీ ఒకసారి చూసుకున్నారు. నెమ్మదిగా అన్నారు. "చెప్పాను. పోయినేడు పోయింది. సిమ్ కంపెనీకి చెప్పాను, ఇన్సూరెన్స్ వాళ్ళు వేరే ఫోన్ ఇచ్చారు. మొన్న కారు అమ్ముదామని సీటు విప్పి కడిగిస్తుంటే కింద దొరికింది. నా ఫోనే కదా దొరికింది అనుకున్నానండీ. సిమ్ వేసి చూడనేలేదు."

నాకు ఒక్కసారిగా మనసు తేలికైంది. అబద్ధం ఆడే మనిషి అంత వివరంగా సీటు కడిగించిన సంగతి చెప్పడు.

"వాళ్ళు బదులు ఫోన్ ఇచ్చినాక మామూలుగా ఇది వాళ్ళదయిపోతుందన్నా. నువ్వే ఫోన్ చేసి, దొరికిందని చెప్పు. అమ్మడం మాత్రం కుదరదు."

ఆయన తల ఊపారు. ఇంకా కొంచెం కోపం ఉన్నట్టే ఉంది. అప్పుడు నిత్యని చూసి, ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, "నీకేనా ఫోన్? గేమ్స్ ఆడతావా?" అని అడిగారు.

నిత్య చొక్కా చెయ్యి పైకి లాగి సెన్సరు చూపించింది. "నో, ఇట్స్ ఫర్ క్యాంప్. ఇఫ్ మై షుగర్ గోస్ లో, ఇట్ టెల్స్ మమ్."

ఆయన సెన్సరు వైపు, ఫోన్ వైపు చూశారు. ఈ ఫోన్ కొని ఉంటే ఇంట్లో వైఫై మీద అంతా సవ్యంగానే నడిచేది. అనిత ధైర్యంగా పిల్లని పంపేది. బస్సు ఊరు దాటాక తల్లి ఫోన్‌కి ఏమీ వచ్చేది కాదు. ఇదంతా నేను చెప్పకుండానే ఆయనకి అర్థమైంది. "బాబోయ్" అని మాత్రం అన్నారు. తర్వాత అనితతో, "నేను ఈ ఫోన్ మీకు ఇచ్చేసి హాయిగా నిద్రపోయేవాణ్ణమ్మా" అన్నారు. ఆ గొంతు వింటే నాకూ బాధేసింది. నా ముందే ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేశారు. వెనక్కి పంపమన్నారట, పంపేశారు.

ఫోన్ అయితే ఇంకా దొరకలేదు. నిత్య దారి పొడుగునా ఏడ్చిందని తర్వాత తెలిసింది. రెండు రోజులకి అదే మోడల్ ఇంకొకటి దొరికింది. అమ్మేది మోరీన్ అని ఒక రిటైరైన ఆస్ట్రేలియన్ ఆవిడ. ఈసారి అనిత తనంతట తానే నా దుకాణానికి రమ్మంది. నా సిమ్ వేస్తే సిగ్నల్ పట్టుకుంది. నంబరు సరిపోయింది, వెబ్‌సైటు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఈరోజు బాగున్న ఫోన్‌ని రేపు ఎవరైనా ఆపించవచ్చు కాబట్టి బిల్లూ, అందులోని పేరు అమ్మేవాళ్ళదేనని తెలియడానికి డ్రైవింగ్ లైసెన్సూ కూడా చూడాలి. అది అడగమని అనితనే ముందుకి తోశాను. రెండుసార్లు సారీ చెప్పి మరీ అడిగింది. ఆవిడ బ్యాగు వెతికి రెండూ కౌంటరు మీద పెట్టి, "ఆఫ్ కోర్స్, లవ్. నేనైనా అడుగుతాను" అంది. అనిత ఇంత సులువా అన్నట్టు నన్ను చూసింది.

నిత్య క్యాంపుకి వెళ్ళింది. రెండో రోజు మధ్యాహ్నం అనిత ఇంట్లో ఉండలేక నా దుకాణంలో వచ్చి కూర్చుంది. టీ కలుపుతున్నాను, ఆమె ఫోన్ మోగింది. పిల్ల చక్కెర పడిపోతోంది, తెర మీద బాణం గుర్తు కిందికి చూస్తోంది. అనిత లేచి నిలబడి టీచరుకి ఫోన్ చేసింది. టీచరు వెంటనే ఎత్తింది. "నిత్య ఫోన్ కూడా మోగింది, జ్యూస్ తాగిస్తున్నాం, పక్కనే కూర్చున్నాను" అని చెప్పింది. వెనకాల నిత్య అరుపు కూడా వినిపించింది, తాడు మీద నడిచే ఆటలో మళ్ళీ తన వంతు ఎప్పుడని.

మేమిద్దరం తెర చూస్తూ నిలబడ్డాం. కౌంటరు ముందు ఎవరో కస్టమరు వస్తే ఆగమన్నాను. బాణం అడ్డంగా తిరిగింది, తర్వాత పైకి. అనిత కూలబడి కాసేపు ఏడ్చింది, తర్వాత నవ్వింది, నేనూ నవ్వాను. టీ చల్లారిపోయింది, అలాగే తాగేశాం. సాయంత్రం శ్రీనివాస్ గారు మెసేజ్ పెట్టారట, పాప క్యాంపుకి వెళ్ళిందా అని.

ఆ రోజు నుంచి నాలో ఒక మార్పు వచ్చింది. కొనేవాళ్ళ మొహమాటాన్ని వెక్కిరించడం మానేశాను. అడగడమంటే ఎదుటి మనిషిని దొంగ అనడం కాదు, అడగబట్టే ఆ రోజు ఒక మంచి మనిషి చేతిమీదుగా జరగబోయిన కీడు తప్పింది. ఇప్పుడు కూడా ఎవరో ఒకరు వచ్చి, అమ్మేది మనవాళ్ళేనక్కా, నంబరు అడిగితే ఏం బాగుంటుంది అంటారు. "మనవాళ్ళేనా? అయితే ఇంకా మంచిది, అడిగినా ఏమీ అనుకోరు" అంటాను.